మంచుమడుగు మీద ఇనుము

కామేశానికి ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. "మా రంగబాబు జారిపడ్డాడా, స్వామీ?"

పొద్దున్నే గురువుగారికి దణ్ణం పెట్టి అదే అడిగేవాడు. పడుకోబోయే ముందు మళ్ళీ అదే. దేవుడున్నాడా, మనసెలా నిలుస్తుంది, చచ్చాక ఎక్కడికి పోతాం, ఇలాంటివి అడగడానికి ఆశ్రమాలకి వస్తారు జనం. ఈయన కాలు జారడం గురించి అడగడానికి వచ్చాడు. మా గవరయ్య స్వామి ఒక్కనాడూ జవాబు చెప్పలేదు. "టీ తాగినావేట్రా?" అనేవారు. అక్కడితో సరి.

నేనప్పుడు అక్కడే ఉన్నాను. వంట నాది. మంచుకొండల్లో నాలుగు రాతిగదులు, ఒక మేకల కొట్టం, ఒక పొయ్యి, అదే ఆశ్రమం. స్వామిది శ్రీకాకుళం వైపు ఏదో పల్లె. కుర్రతనంలో కొండెక్కిన మనిషి. ఎనభై దాటినా ఆ యాస మాత్రం ఆయన్ని వదల్లేదు.

కామేశానిది బెజవాడ. ఆటోనగర్లో లారీ టైర్ల కొట్టు ఉండేది. రంగబాబు ఆయన తమ్ముడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడంకాలు పొట్టి అయింది. ఒక అడుగు బరువుగా పడేది, ఒక అడుగు తేలిగ్గా. టక్కు... టక్. టక్కు... టక్.

"వీధి మొదట్లో ఉండగానే చెప్పేసేవాణ్ణి, వాడొస్తున్నాడని," అనేవాడు కామేశం. అన్నప్పుడల్లా నా వంటింటి గడప మీద వేళ్ళతో ఆ అడుగులు వాయించి చూపించేవాడు.

కొట్లో రంగబాబు పని లారీలని వెనక్కి తీయించడం. బండి పక్కన కుంటుకుంటూ నడుస్తూ, బాడీ మీద అరచేత్తో నెమ్మదిగా కొట్టేవాడట. అలా కొడుతున్నంతసేపూ రానీ రానీ అని అర్థం. గట్టిగా రెండు దెబ్బలు కొట్టాడంటే ఆపెయ్యాలి. "వాడు కొడుతుంటే ఏ డ్రైవరూ అద్దంలో కూడా చూసేవాడు కాదు," అని చెప్పేవాడు కామేశం. చెబుతూ ముక్కు తుడుచుకునేవాడు.

ఆ రంగబాబుకి స్వాముల పిచ్చి. ఎవరో చెబితే మా స్వామిని చూడాలని చలికాలంలో బయల్దేరాడు. చలికాలంలో ఇక్కడికి ఎవరైనా వస్తారా! ఒరే వద్దురా అనడానికి ఇంట్లో ఒకరుండాలి. అన్నగారి పాత బూట్లు తొడుక్కుని, కొట్టు గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, వెళ్ళొస్తా," అన్నాడు. కామేశం ఒక లారీ టైరులో తలదూర్చి ఉన్నాడు. తలెత్తలేదు. ఊఁ అన్నాడో లేదో కూడా గుర్తు లేదట.

మన ఇళ్ళల్లో వెళ్ళేవాడు వెళ్ళొస్తా అంటాడు, ఉన్నవాడు వెళ్ళిరా అంటాడు. ఆ రెండోమాట ఆ రోజు ఎవరూ అనలేదు.

మా ఆశ్రమానికీ అవతలి ఊరికీ మధ్య పెద్ద సరస్సు ఉంది. మేం తెలుగువాళ్ళం దాన్ని మడుగు అనేవాళ్ళం. ఎండాకాలం దాని చుట్టూ కొండ అంచున బాట ఉంటుంది. చలికాలం ఆ బాట మంచు కింద పడిపోతుంది. మడుగు గడ్డకడుతుంది. అప్పుడిక మడుగే బాట. రంగబాబు అవతలి ఒడ్డున మంచు మీదికి దిగడం ఊళ్ళోవాళ్ళు చూశారు. ఇవతలి ఒడ్డున ఎక్కడం మేమెవరం చూడలేదు.

మంచు కరిగాక వెతికారు. దొరకలేదు. అంత చల్లటి నీళ్ళు మనిషిని మళ్ళీ పైకి పంపవని అక్కడివాళ్ళు చెప్పారు.

కామేశం కొట్టు అమ్మేసి వచ్చాడు. వచ్చినవాడు మరి వెళ్ళలేదు. "అరిగి గుండైన టైరుతో రోడ్డెక్కకండ్రా అని బెజవాడ డ్రైవర్లందరికీ చెప్పినవాణ్ణి. నా తమ్ముడి బూట్ల అడుగు తిప్పి చూడలేదు. అరిగి అద్దంలా ఉండేదది. నేనే చంపుకున్నాను వాణ్ణి," అని ఏడ్చేవాడు. ఆయన ప్రశ్నకి అర్థం అదీ. తమ్ముడు జారి ఉంటే తప్పు తనది.

అందుకే కాబోలు, మంచు మీద జారకుండా నిలబడడం ఎలా అన్నదే ఆయనకి తపస్సైపోయింది. కింది పట్నం నుంచి రకరకాల సరంజామా తెప్పించాడు. బూటుకి సాగదీసి తొడిగే రబ్బరు పట్టీలు, అడుగున చిన్న చిన్న మేకులున్నవి. గొలుసులున్నవి. స్ప్రింగు తీగలు చుట్టినవి. అన్నిటికన్నా పెద్దవి ఉక్కు ముళ్ళవి. పిల్లి గోళ్ళు చూశాం గానీ ఇవి పులివి.

"మెత్తటి మంచుకి ఈ గొలుసు చాలు," అని నాకు పాఠం చెప్పేవాడు. "తొక్కి తొక్కి గట్టిపడ్డ దారికి ఈ చిన్న మేకులు. గాజులా నున్నగా ఉన్నచోట ఈ ఉక్కు ముళ్ళే, ఇంకోమాట లేదు. కానీ రాతి మీద ఇవే పడేస్తాయి, జాగ్రత్త. పట్టీ వదులైతే పక్కకి తిరిగిపోతుంది, అప్పుడు అసలు లేకపోవడమే నయం. బూటు కొలతకి సరిపోయిందే కొనాలి."

అచ్చం టైర్లు అమ్మినట్టే చెప్పేవాడు. నేను వినేవాణ్ణి. పొయ్యి మీద పప్పుంటే ఎక్కడికి పోతాను?

సరుకు మంచిదే, ఆ మాట నేను కాదనను. మేకలకి నీళ్ళు పెట్టడానికి వెళ్తూ నేనూ ఆ చిన్న మేకులవి తొడుక్కునేవాణ్ణి. కొట్టం దగ్గర వాటికి తిరుగులేదు.

మడుగు మీద మాత్రం ఎవరూ ఇనుము తొడగరు. ఒడ్డున ఒక బండ ఉంది. మంచు మీదికి దిగేవాళ్ళు దగ్గరున్న ఇనుమంతా, కత్తి గానీ, కర్ర చివరి పొన్ను గానీ, ఆ బండ మీద పెట్టి దిగుతారు. తిరిగొచ్చినప్పుడు తీసుకుంటారు. బూట్ల మీద ముతక ఉన్ని మేజోళ్ళు తొడుక్కుంటారు. కాస్త తడిసిన ఉన్ని మంచుని కరుచుకుంటుంది. నమ్మరు గానీ, చక్కగా నిలబెడుతుంది. మేమూ అలాగే దాటేవాళ్ళం.

ఎందుకలా అని కామేశం ఒకసారి పాసాంగ్ అవ్వని అడిగాడు. అవ్వది అవతలి ఊరు. ఏటా మా ఆశ్రమానికి పిండి ఇచ్చే తల్లి.

"మడుగులోకి పోయినవాళ్ళు కింద నడుస్తుంటారు నాయనా," అంది అవ్వ. "మనం పైన, వాళ్ళు కింద, తలకిందులుగా. మన అరికాలికి వాళ్ళ అరికాలు ఆనించి. నీ తమ్ముడూ ఉంటాడు."

ఆమాట విని నేనే కాళ్ళు పైకి ముడుచుకున్నాను. కామేశం అయితే లేచి నిలబడ్డాడు. అవ్వ ఇంకా ఏదో చెప్పబోతోంది, వినకుండా బయటికి వచ్చేశాడు.

ఆనాటినుంచి ఆ ఉక్కు ముళ్ళు ఆయన్ని వదల్లేదు. మెలకువలో కాళ్ళకి, నిద్రలో తలగడ కింద. మనవైపు దెయ్యాల భయమున్నవాళ్ళు తలకింద ఇనపముక్క పెట్టుకోరూ, అలా. పిండి తేవడానికి మడుగు దాటాల్సొచ్చినా బండ దగ్గర ఆగేవాడు కాదు. కరకరమని మంచుని కొరుక్కుంటూ దాటేసేవాడు. ఊళ్ళోవాళ్ళు అది చూసి ముఖం తిప్పుకునేవాళ్ళు.

ఒకపక్క అలా భయపడుతూనే, ఇంకోపక్క, "రెండు చలికాలాలు గడిచాయి. ఒక్కసారి కల్లోకి కూడా రాలేదు వాడు. నామీద కోపమండీ వాడికి," అని కుమిలిపోయేవాడు.

స్వామి ఆ మాట విన్నారు. కామేశం తలగడ వైపు చూశారు. టీ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ చలికాలం చివర ఒకరోజు ఉదయం అవతలి ఒడ్డున పచ్చికొమ్మల పొగ లేచింది. ఎవరికైనా ఆఖరి ఘడియలు వస్తే అలా పొగ వేసి స్వామిని పిలుస్తారు. అవ్వే అని మాకు తెలుసు. అప్పటికే మంచం పట్టి ఉంది.

ఆ రోజుల్లో మడుగు నమ్మదగ్గది కాదు. దాని అడుగున ఎక్కడో వేడినీటి ఊట ఉంది. అది ఏటికొకచోట పొంగుతుంది. అక్కడ మంచు అట్టుపొరలా పలచబడిపోతుంది. పైనుంచి చూస్తే ఏ తేడా తెలీదు, అంతా ఒకటే తెలుపు.

స్వామి ఉన్ని మేజోళ్ళు వెతుక్కుంటుంటే కామేశం వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చేతిలో ఇంకో జత ఉక్కు ముళ్ళు.

"ఇవి తొడుగుతాను స్వామీ. నేనూ మీతో వస్తాను."

"నాకెందుకురా ఇవి? పెళ్ళికెల్తన్నానేటి?"

"ఎనభై దాటాయి మీకు. ఒక్కసారి జారితే తుంటి విరుగుతుంది." కామేశం ముళ్ళు ముందుకి చాపాడు. "ఇంకో మనిషిని ఆ మడుగుకి ఇవ్వలేను స్వామీ. నావల్ల కాదు."

స్వామి ఆయన తల నిమిరారు. "ఒస్తానంటే రా. నీకేటి కావాలో అది తొడుక్కో. నాకియ్యి సాలు." అని మేజోళ్ళు చూపించారు. ఒక జత తొడుక్కుని, ఇంకో జత మడిచి రొమ్ము దగ్గర దుప్పట్లో దోపుకున్నారు. నావైపు తిరిగి, "పొయ్యి ఆర్పీకు," అన్నారు.

ఇక్కడినుంచి నేను చూసింది కాదు, కామేశం తర్వాత నా పొయ్యి దగ్గర కూర్చుని చెప్పింది. ఆయన కల్పించి చెప్పే రకం కాదు. అంత ఊహే ఉంటే లారీ టైర్లెందుకు అమ్ముతాడు?

బండ దగ్గర స్వామి చేతికర్ర పొన్ను ఊడదీసి, మొలతాడు నుంచి తాళంచెవి తీసి, రెండూ దానిమీద పెట్టారు. కామేశం కాళ్ళవైపు ఒకసారి చూశారు. కామేశం చూపు తప్పించి ముందుకి నడిచాడు.

మడుగు మీద పొగమంచు కమ్మి ఉంది. కాసేపటికి వెనక ఒడ్డు పోయింది. ముందరి ఒడ్డు అసలే లేదు. ఆకాశం ఎక్కడ మొదలైందో తెలీడం లేదు. ఉన్నదల్లా కామేశం కాళ్ళ చప్పుడు, కర్, కర్, కర్. స్వామి అడుగు చప్పుడే లేదు.

స్వామి మాటిమాటికీ ఆగుతున్నారు. తల ఒకపక్కకి వంచి, కాస్త దారి మార్చి, మళ్ళీ నడుస్తున్నారు.

"ఆయాసంగా ఉందా స్వామీ?"

"నీ కాళ్ళ గోలకి ఏటీ ఇనపళ్ళేదురా."

"ఏం వినాలి స్వామీ?"

స్వామి ఉన్నట్టుండి గొంతుక్కూర్చున్నారు. కుడిచెయ్యి దుప్పట్లోంచి తీసి, ఉత్త అరచేతిని మంచు మీద పరిచారు. సరిగ్గా కామేశం తర్వాతి అడుగు పడేచోట.

కామేశం కాలు గాల్లో ఆగిపోయింది.

"ఎయ్యి," అన్నారు స్వామి.

"చెయ్యి, స్వామీ! చెయ్యి తీయండి!"

"అడుగెయ్యరా. ఇన్నాళ్ళూ ఎయ్యనేదా?"

"ముళ్ళున్నాయి స్వామీ కింద. చీరుకుపోతుంది చెయ్యి."

"నాదైతే కనపడతంది. అందుకాగినావు."

కామేశం ఒంటికాలి మీద అలా నిలబడిపోయాడు. ముసలాయన చెయ్యి మంచు మీద ఎర్రబడుతోంది. కిందనుంచి మడుగు ఒకసారి మూలిగింది. అవ్వ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. అరికాలికి అరికాలు.

కాలు వెనక్కి తీసుకుని అక్కడే కూలబడ్డాడు. పట్టీలు లాగి ముళ్ళు విప్పాడు. రెండు చలికాలాలు ఈ ముళ్ళతో ఆ మంచు మీద ఎన్నిసార్లు అటూ ఇటూ నడిచాడో లెక్క లేదు. "నాకు తెలీదు స్వామీ. నాకు తెలీదు," అంటూ పసివాడిలా ఏడ్చాడు.

"కల్లోకి రాలేదని ఏడుస్తావు. తలకింద ఇనుమెట్టుకుని తొంగుంటే ఎలగొస్తాడ్రా?"

స్వామి ఆ ముళ్ళని మంచుకి తగలనివ్వకుండా అందుకుని, పైపంచెలో చుట్టి, మెడకి తగిలించుకున్నారు. దుప్పట్లోంచి రెండో జత మేజోళ్ళు తీసి ఇచ్చారు. వెచ్చగా ఉన్నాయవి.

లేచి నడిచారు. ఉన్ని మంచుని పట్టుకుంటోంది, అడుగెత్తితే మెల్లగా వదిలేస్తోంది. గుచ్చకుండా కూడా పట్టు ఉంటుందని ఇన్నేళ్ళ వ్యాపారంలో తనకి తెలీలేదని కామేశం అనుకున్నాడు. ఇప్పుడు చప్పుడు లేదు. తన ఊపిరి తనకే వినపడుతోంది.

తర్వాత ఇంకోటి వినపడింది.

తను అడుగు వేసినప్పుడు కిందనుంచి ఒకటి పడుతోంది. మంచుకి అటువైపు నుంచి. తను కాలెత్తితే అదీ లేస్తోంది. తను దింపితే అదీ ఆనుకుంటోంది. కామేశానికి పరిగెత్తాలనిపించింది. ఎటు పరిగెత్తాలి? ఎటు పరిగెత్తినా ఆ అరికాళ్ళ మీదే.

మనసు గట్టి చేసుకుని ఇంకాస్త నడిచాడు. వింటూ నడిచాడు.

"స్వామీ."

"ఊఁ."

"నేను సమంగానే నడుస్తున్నాను స్వామీ."

"ఊఁ."

"కింద సమంగా లేదు."

టక్కు... టక్. టక్కు... టక్.

స్వామి ఆగలేదు, వెనక్కి తిరగలేదు. "నడు," అన్నారు మెత్తగా.

కామేశం నడిచాడు. భయం పోలేదుట, ఆయనే చెప్పాడు. కానీ ఆ భయంలోనే గుండె నిండిపోయింది. అడుగు మెల్లగా వెయ్యాలని, ఎక్కడా బరువు పడకూడదని, ఎత్తుకున్న పిల్లాణ్ణి దింపినట్టు దింపుతూ నడిచాడు. కళ్ళలో నీళ్ళు చెంపల మీదే గడ్డకట్టాయి.

కాసేపటికి అడిగాడు. "మీ కింద ఎవరున్నారు స్వామీ?"

"మా గురువుగారు," అన్నారు స్వామి. కొంతదూరం పోయాక, "తొందరెట్టీస్తారు. బతికున్నపుడూ అంతే," అన్నారు.

అవతలి ఒడ్డు పొగ వాసన తెలుస్తోంది. అవ్వ ఇంకా ఉందో లేదో. కామేశం స్వామిని దాటి రెండడుగులు ముందుకి వేశాడు, ఆత్రంతో. మూడోది ఎత్తాడు.

కింద టక్ అనలేదు.

దానికి బదులు దబ్, దబ్ మని రెండు దెబ్బలు పడ్డాయి. గట్టిగా, అరచేత్తో కొట్టినట్టు. మంచు అదిరి ఆయన మోకాళ్ళదాకా వచ్చింది ఆ అదురు.

ఆటోనగర్లో ఆ రెండు దెబ్బలు వింటే ఎంత పెద్ద లారీ అయినా ఆగిపోయేది. కామేశం ఆగిపోయాడు.

స్వామి వెనకనుంచి చేతికర్ర ముందుకి చాపి, కామేశం అడుగు పడాల్సిన చోట ఆనించారు. నొక్కనైనా లేదు. కర్ర పెరుగులోకి దిగినట్టు దిగిపోయింది. తెల్లటి పొర విరిగి పక్కకి వాలింది. కింద నల్లటి నీళ్ళు, ఆవిరి కక్కుతూ.

ఇద్దరూ కదల్లేదు.

నెమ్మదిగా కిందనుంచి మళ్ళీ మొదలైంది. ఇప్పుడు చిన్న దెబ్బలు, ఒకదాని వెనక ఒకటి. తప్... తప్... తప్. వెనక్కి, ఎడంపక్కకి. రానీ, రానీ, రానీ. కామేశం వెనక్కి తిరిగి కూడా చూడకుండా ఆ చప్పుడు మీదే అడుగులు వెనక్కి వేశాడు. స్వామి ఆయన భుజం పట్టుకుని నడిచారు. ఆ నల్లనీళ్ళని పెద్ద చుట్టు తిరిగి దాటారు.

గట్టిమంచు మీదికి వచ్చాక కామేశం నోరు తెరిచాడు. ఆ పాత ప్రశ్నే అడగబోయాడు. ఆయన అడగకముందే, ఇన్నాళ్ళకి, స్వామి చెప్పారు.

"జారినోడు గట్టుకాడే జారతాడ్రా. నడ్డి పట్టుకుని, నవ్వుకుని, ఎనక్కెల్లిపోతాడు. మడుగు నడిమికొచ్చినోడు బాగా నడిచినోడే."

అద్దంలా అరిగిన ఆ బూట్లు, ఆ పొట్టికాలు, అన్నీ కామేశం కళ్ళముందు తిరిగాయి. ఆ బూట్లతోనే, ఆ కాలుతోనే వాడు సగం మడుగు నిలబడి నడిచాడు.

"మరి వాడికి ఎవరూ కొట్టి చెప్పలేదా స్వామీ, కిందనుంచి?"

"కొత్తోడు గదా." స్వామి గొంతు తగ్గింది. "అప్పుడు వాడికి కింద ఎవులున్నారు?"

ఆ తర్వాత ఒడ్డుదాకా కిందనుంచి ఆ అడుగులు వస్తూనే ఉన్నాయి. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. బెజవాడలో సాయంత్రం కొట్టు మూసి ఇద్దరూ ఇంటికి నడిచినట్టే ఉందట కామేశానికి.

పొగమంచులోంచి ఒడ్డు రాళ్ళు కనిపించాయి. ఎవరో పైన నిప్పు దగ్గర నిలబడి చెయ్యెత్తి పిలిచారు. అవ్వ ఇంకా ఉందన్నమాట. కామేశం గబుక్కున రాయి మీద ఒక కాలు వేశాడు.

చొక్కా వెనక్కి లాగినట్టయింది. స్వామి పట్టుకున్నారు.

"సెప్పకుండా ఎక్కెస్తావేట్రా?"

ఏం చెప్పాలో కామేశానికి ముందు తట్టలేదు. తర్వాత తట్టింది. కొట్టు గుమ్మం, గుమ్మంలో నిలబడ్డ మనిషి, టైరులో దూరిన తన తల.

రాయి మీది కాలు దింపాడు. మంచు మీద మోకరిల్లాడు. చేతి తొడుగు తీసి, స్వామి ఆనించినట్టే, ఉత్త అరచెయ్యి ఆనించాడు. కాల్చినంత చల్లగా ఉంది. తియ్యలేదు.

"వెళ్ళిరా, రంగా," అన్నాడు.

కొంచెంసేపు ఏమీ లేదు. ఆ తర్వాత అరచేతికి అవతలినుంచి ఒక్కసారి, మెల్లగా, ఏదో ఆనింది. వదిలేసింది. టక్కు... టక్. టక్కు... టక్. ఆ అడుగులు ఒడ్డు వదిలి మడుగు నడిమికి వెళ్ళిపోయాయి. దూరమై, చిన్నవై, లేకుండా పోయాయి.

కామేశం చెవి మంచుకి ఆనించి విన్నాడు. ఏమీ లేదు. లేచేసరికి ముఖమంతా తడి.

"వెళ్ళిపోయాడు స్వామీ. ఇప్పుడు మనం తిరిగి ఎలా దాటడం?"

స్వామి అప్పటికే రాళ్ళెక్కి, మెడలో ఆ ఇనుపమూట సర్దుకుంటూ, పొగవైపు నడుస్తున్నారు. వెనక్కి చూడకుండానే అన్నారు.

"ఎల్లిరా అన్నావు గదా. ఒస్తాడు."